ఫ్లాప్ సినిమా జాకెట్

హీరోకు ఎడమ భుజంలో తూటా దిగింది. తర్వాతి సీనులో కట్టు కుడి భుజానికి ఉంది. హాలంతా ఈలలు, కేకలు. నేను పక్కకు తిరిగి భవాని ముఖం చూశాను. ఆమె తొణకలేదు.

"కాంపౌండర్‌కు తొందరైంది," అంది. "దవాఖానల మస్తు మంది ఉన్నరేమో, పాపం."

భవాని నా భార్య. ఇబ్రహీంపట్నం బస్టాండు వెనక గల్లీలో ఆమె కుట్టు దుకాణం ఉండేది. పగలంతా జాకెట్లు కుట్టేది. మా టాకీసులో కొత్త సినిమా పడిందంటే మాత్రం మిషన్ మీద గుడ్డ కప్పి బయలుదేరేది. నేను బడిలో తెలుగు చెప్పేవాణ్ణి కాబట్టి కథలో లొసుగు కనబడితే ఊరుకోలేను. ఆమెకు ఆ లొసుగులంటేనే ముద్దు. గుడ్డి తల్లి మంచాన్ని తప్పించుకుని చకచకా నడిస్తే, "ఇల్లు అలవాటైంది గద ఆమెకు" అనేది. రాజుగారి మణికట్టు మీద వాచీ పెట్టుకున్న మచ్చ తెల్లగా మెరిస్తే, "రాజైతేంది, టైముకు పోవద్దా?" అనేది. సినిమా ఎంత నాసిగా ఉన్నా ఇంటికి వచ్చేలోపు అందులో మెచ్చుకోవడానికి ఒకటి ఏరుకునేది. కొన్నిసార్లు అది హీరోయిన్ ఇంటి కర్టెన్ మాత్రమే అయ్యేది.

ఒకసారి ఉండబట్టలేక అడిగాను, నీకు నిజంగానే తప్పులు కనబడవా అని. అప్పుడు ఆమె చేతిలో పట్టు జాకెట్ ఉంది. దాన్ని తిరగేసి నా ముందు పెట్టింది. లోపలంతా పోగులు, అడ్డదిడ్డం కుట్లు, చాలని చోట వేసిన వేరే రంగు ముక్క.

"లోపలి దిక్కు జూస్తే అన్ని జాకెట్లు గిట్లనే ఉంటయ్," అంది. "సినిమోళ్ళకు లోపలి దిక్కు దాసుకునేటందుకు జాగ లేదు. అంతే."

ఆమె పోయిన తర్వాత నేను టాకీసులకు వెళ్ళడం తగ్గింది. తప్పు కనబడినప్పుడు పక్కకు తిరిగి చూడడం అలవాటైపోయింది, అక్కడ ఎవరో తెలియని మనిషి ఉంటున్నాడు. ఆ సంగతి అలా ఉంచి, సింధు పెళ్ళి జాకెట్ గురించి చెప్పాలి. భవాని ఎలాంటిదో దానికి మించి చెప్పేది నా దగ్గర లేదు.

ఔటర్ రింగు రోడ్డు వస్తోందని ఊరంతా ఊగిపోతున్న రోజులవి. బొంగులూరు దాకా చేల గట్ల మీద వెంచర్ల జెండాలు రెపరెపలాడేవి. నిన్నటిదాకా సైకిలు తొక్కినవాళ్ళు కార్లలోంచి చెయ్యి ఊపేవారు. పెళ్ళిళ్ళ తీరు మారింది. పెళ్ళికూతుళ్ళు సాదా జాకెట్ అడగడం మానేసి, "ఫలానా సినిమాల, రెండో పాటల, వాన వడ్తది సూడు, గప్పుడు ఏస్కున్నది" అని అడిగేవారు. చేతిలో బొమ్మా ఉండదు, కాగితమూ ఉండదు. భవాని వెళ్ళి ఆ సినిమా చూసి వచ్చి కుట్టాలి. అందుకని ఆమెకు సినిమా సరదా మాత్రమే కాదు, వృత్తి కూడా. ఈ మాట నాతో వాదించడానికి చాలా పనికొచ్చేది.

సింధు బొంగులూరులో ఒక వెంచర్ ఆఫీసులో ఫోన్లు ఎత్తే ఉద్యోగం చేసేది. తండ్రి బుగ్గయ్య మా పెద్ద చెరువులో చేపలు పట్టేవాడు, తల్లి జంగమ్మ కట్ట కింద చేపలు వేయించి అమ్మేది. చిన్నప్పుడు ఆ మూకుడు ఒరిగి సింధు ఎడమ జబ్బ మీద నూనె పడింది. భుజం నుంచి మోచేతి దాకా చర్మం ముడుచుకుపోయి ఉంటుంది. అందుకే ఆ పిల్ల ఎండాకాలంలో కూడా నిండు చేతుల బట్టలే వేసుకునేది. నాదర్‌గుల్‌కు చెందిన హరీశ్‌తో పెళ్ళి కుదిరింది. అతను కారు నడుపుతాడు, మచ్చ సంగతి అతనికి ముందే చెప్పారు, ఏమీ అనలేదు. కానీ పెళ్ళి మే నెలలో.

"నిండు చేతులేస్కుంటే ఒక్కొక్కళ్ళు అడుగుతరక్కా, గింత ఎండల గివేంది అని," అంది సింధు ఆ ఆదివారం దుకాణంలో కూర్చుని. "పొట్టి చేతులేస్కుంటే ఇగ అడిగే అవసరమే లేదు. అందరు జూస్తరు."

"మరేం జేద్దామే?"

సింధు కళ్ళు మెరిశాయి. శుక్రవారం మ్యాట్నీకి అక్కచెల్లెళ్ళతో వెళ్ళిందట. ఆలస్యమైంది కాబట్టి ముందు బెంచీల్లో, కుడి చివర కూర్చోవలసి వచ్చిందట. సినిమాలో హీరోయిన్ కిటికీ దగ్గర నిలబడి పాట పాడుతుంది. పచ్చ జాకెట్. ఎడమ జబ్బ మీద మాత్రం అల్లిక.

"లేసు లాంటిదక్కా. కానీ లేసు గాదు. సందులు సందులు, డైమండు ఆకారం. కింద చెయ్యి ఉన్నదో లేదో తెల్వది, చూపంతా అల్లిక మీదనే ఆగుతది. ఒక్క చెయ్యికే ఉన్నది. నాక్కూడ ఒక్క చెయ్యికే గావాలె. ఫ్యాషన్ అనుకుంటరు."

భవాని తల ఊపింది. "రేపు మ్యాట్నీకి పోయి జూసొస్త. ఫికర్ జెయ్యకు."

సోమవారం వెళ్ళేసరికి టాకీసు ముందు వేరే పోస్టరు అంటిస్తున్నారు. మేనేజరు మల్లేశయ్య గేటు దగ్గర పళ్ళు కుట్టుకుంటున్నాడు.

"గా సినిమానా? పంపిచ్చిన చెల్లే. నిన్న ఫస్టు షోకు నేను, ఆపరేటరు, ఓ కుక్క ఉన్నం. ఇంటర్వెల్‌ల కుక్క గూడ పోయింది."

హయత్‌నగర్‌లో ఆ సినిమా ఇంకా ఆడుతోందని పేపర్లో చూశాను. స్కూటరు తీశాను. దారి పొడుగునా భవాని నా వీపు వెనక నుంచి ఒకటే మాట. "ఆడ గూడ తీసేస్తే ఎట్ల? జర తొందరగ పోనియ్యి. నీ స్కూటర్ కంటే గా సినిమానే నయమున్నది."

హయత్‌నగర్ టాకీసులో టికెట్లిచ్చే అతను మమ్మల్ని చూసి పక్క సందు వైపు చెయ్యి చూపించాడు. మేం దారి తప్పి వచ్చామనుకున్నాడు. సినిమాకే వచ్చామంటే నమ్మలేదు.

"ఇద్దరి కోసం ఆట ఎయ్యమమ్మా. ఇంక కొంతమంది వస్తే ఏస్తం. రారు."

"ఎందుకు రారు?" అని భవాని చీర కొంగు దోపుకుని రోడ్డు మీదికి వెళ్ళింది. నేను టికెట్ల కిటికీ దగ్గర నిలబడి చూస్తున్నాను. బస్సు తప్పిపోయి చంటిపిల్లతో నిలబడ్డ దంపతుల దగ్గరికి మొదట వెళ్ళింది. లోపల ఫ్యాన్లున్నాయనీ పిల్ల నిద్రపోతుందనీ చెప్పింది. డిపోలో డ్యూటీ దిగి వస్తున్న కండక్టర్లను పట్టుకుంది. వాళ్ళలో ఒకడు, "సినిమా బాగుంటదా అక్కా?" అన్నాడు.

"హీరోయిన్ జాకెట్ బాగుంటదంట," అంది భవాని.

అతను ఒక క్షణం ఆలోచించి, మిగతావాళ్ళను కూడా లాక్కొచ్చాడు.

ఆట వేశారు. సినిమా గురించి ఏం చెప్పను? తప్పిపోయిన అన్నదమ్ములిద్దరూ ఒకే ఆఫీసులో పక్కపక్కన కూర్చుంటారు, ఒకే పుట్టుమచ్చ, ఒకే తండ్రి పేరు, అయినా చివరి రీలు దాకా ఇద్దరికీ అనుమానం రాదు. కండక్టర్లు ఒకరినొకరు, "ఒరే తమ్మీ, నువ్వేనారా!" అని కౌగిలించుకుని నవ్వుతున్నారు. భవాని ముక్కు చీదుతోంది. "మనం మాత్రం పక్కింటోళ్ళ పుట్టుమచ్చలు జూస్తమా?" అని నా మీదే ఎగిరింది.

పాట వచ్చింది. హీరోయిన్ కిటికీ దగ్గర, మనకు కుడి వైపున, నిలబడింది. హీరో ఆమె చుట్టూ తిరుగుతున్నాడు. ఆమె మాత్రం కదలదు, కెమెరా కూడా కదలదు. చరణం గడిచినా కదలదు. జాకెట్ పచ్చదే. చేతులు పొట్టివే. రెండు జబ్బలూ సాదాగా, నున్నగా ఉన్నాయి. అల్లిక లేదు, లేసు లేదు, కనీసం ఒక పూస లేదు.

భవాని ముందు కుర్చీ పట్టుకుని లేచి నిలబడింది. వెనక నుంచి కండక్టరు అడిగాడు, "అక్కా, గిదేనా జాకెట్?"

తిరుగుదారిలో నా స్కూటరు గురించి ఒక్క మాట కూడా అనలేదు. ఊరు దగ్గర పడుతుండగా మాత్రం, "కెమెరా కదలకుంట నిలవెట్టుడు మంచిగున్నది," అంది. "పాపం, గా పిల్లకు డాన్సు రాదేమో. ఇజ్జత్ కాపాడిండ్రు."

సంగతి చెబితే సింధు ముఖం వాడిపోయింది. "నేను అబద్ధం జెప్తున్ననా అక్కా? కండ్లార జూసిన."

"నువ్వు జూసింది నిజమే. నేను జూసింది నిజమే."

"గట్లెట్లయితది?"

"గదే నాకు అర్థమైతలేదు. పా, నువ్వు యాడ కూసున్నవో నాకు సూపియ్యి."

మర్నాడు మ్యాట్నీకి ముగ్గురం మా టాకీసుకే వెళ్ళాం. భవాని ఎప్పుడూ వెనక ఎడమ మూల ఫ్యాను కింద కూర్చునేది. ఆ రోజు ముందు బెంచీల్లో కుడి చివర కూర్చుంది. మెడ నొప్పి అని నేను గొణిగాను. ఆడుతున్నది పోలీసు సినిమా. చాలాసేపు ఏమీ లేదు, తుపాకులు, జీపులు. తర్వాత విలన్ కుర్చీలో కూర్చుని పెద్ద ఉపన్యాసం మొదలుపెట్టాడు. కెమెరా అతని ముఖం మీద ఆగింది. వెలుతురు నిలకడగా పడింది.

సింధు భవాని చెయ్యి గట్టిగా పట్టుకుంది. "అక్కా... గదేంది?"

మనకు కుడి వైపున, విలన్ చెంప మీద, మీసం చివర నుంచి చెవి దాకా, అందమైన డైమండు అల్లిక.

ముందు భవాని నవ్వింది. తర్వాత సింధు. నేను ఆపుకోలేకపోయాను. విలన్ ఊరంతా తగలబెడతానని అరుస్తున్నాడు, చెంప మీద లేసుతో. వెనకాల ఎవరో, "భయపడాల్సిన కాడ నవ్వుతున్నరేందిరా!" అని కసిరారు. తెర చినిగి ఉంది. దానికి అతుకు వేసి, మీద తెల్ల రంగు పూశారు. పక్క నుంచి చూస్తే కనబడదు, ఎదురుగా, దగ్గరగా, బొమ్మ కదలకుండా ఉంటేనే కనబడుతుంది. కిటికీ పాటలో కెమెరా కదలకపోవడం వల్ల ఆ అతుకు హీరోయిన్ జబ్బ మీద పాటంతా నిలిచిపోయింది.

నవ్వు ఆగాక సింధు తల దించుకుంది. "జాకెట్ గాదు, ఏం గాదు. చినుగుకు ఏసిన అతుకక్కా గది. ఇగ నిండు చేతులే కుట్టు."

భవాని ఆట అయిపోయి జనం కదిలేదాకా ఆగి, మెట్లెక్కి తెర దగ్గరికి వెళ్ళి అతుకును వేళ్ళతో తడిమింది. మల్లేశయ్య పరుగెత్తుకొచ్చాడు.

"చెల్లే, తెర ముట్టద్దు! పోయినేడు పెద్ద హీరో సినిమా మొదటి రోజు ఎవడో కొబ్బరికాయ ఇసిరి చింపిండు. టైలర్లను అడిగితే నిలవడ్డ తెరకు కుట్టెయ్య రాదన్నరు."

"మరెవరేసిండ్రు?"

"చెరువు కాడి బుగ్గయ్య. వల బాగు జేసినట్టు ముడులేసి పట్టిండు."

సింధు మెట్ల మీదే నిలబడిపోయింది. "మా బాపా?"

"అవ్. పాసులిస్తా అంటే గూడ తీస్కోలే. ఎవ్వరికి జెప్పద్దన్నడు."

ఆ సాయంత్రం చెరువు కట్టకు వెళ్ళాం. బుగ్గయ్య వల ఆరబెడుతున్నాడు. తెర సంగతి ఎత్తగానే దొంగతనం బయటపడ్డట్టు ముఖం పెట్టాడు.

"అతుకు బిడ్డా గది. జెప్పుకునే పనా?"

"గసొంటి అతుకే నా జాకెట్‌కు ఏసియ్యి బాపు," అంది సింధు.

వల చేతిలోంచి జారింది. "ఏమన్నవే? పెండ్లి నాడు నీకు వల గప్పాలెనా? చేపలోళ్ళు, వాసనోళ్ళు అనిపిచ్చుకున్నది చాలలేదా? నాదర్‌గుల్ నుంచి వచ్చినోళ్ళు ఏమంటరు? ఏందమ్మా భవానీ, నువ్వన్న జెప్పవా దీనికి?"

"కాకా, నేను గా సినిమా కోసం హయత్‌నగర్ దాకా పోయిన," అంది భవాని. "నీ ముడులు లేని జాకెట్ జూసిన. నీ ముడులు పడ్డది సింధు జూసింది. ఆమెకు ఏది నచ్చిందో నువ్వే అడుగు."

"వల కాదు బాపు," అంది సింధు. "అది నీ పనని తెల్వకముందే నాకు నచ్చింది. తెలిసినంక ఇంకోటి ఎట్ల ఏస్కోవాలె?"

జంగమ్మ మూకుడు ముందు నుంచి కేకేసింది, "ముసలోడా, బిడ్డ అడిగితే ఏసిస్తవా, నన్ను లేవమంటవా?"

వేశాడు. మా దుకాణంలో కూర్చునే వేశాడు. కానీ వల అల్లే చేతులకు పట్టుదారం లొంగలేదు. ముడి బిగించగానే పుటుక్కున తెగేది, భవాని నాలుగు పేటలు కలిపి పేని ఇచ్చింది. భవాని సూది ఇస్తే అది చీమకాలులా ఉందని పారేశాడు. చివరికి విరిగిన గొడుగు ఊచ ఒకటి తెచ్చి, గచ్చు మీద రుద్ది రుద్ది, తన సూది తానే చేసుకున్నాడు. వలలో ముడుల మధ్య సందును కన్ను అంటారు, ఆ కన్నుల మీద ఇద్దరికీ ఒకటే గొడవ.

"గీ కన్ను పెద్దగయింది కాకా."

"చెరువుల చేపలన్ని ఒక్క సైజు ఉంటయా?"

"నేను చేపలు పట్టేటందుకు కుడ్తలేను!"

"మరి నోరు మూస్కొని ఆ దారమియ్యి."

పెద్దగా అయిన ఆ కన్నును భవాని విప్పించలేదు. నేను వేలుపెట్టి చూపిస్తే, "తెర మీద గూడ ఒకటి గిట్లనే ఉన్నది, చూడలేదా?" అంది. నేను చూడలేదు. ఆమె చూసింది.

జాకెట్ తయారైంది. పచ్చ పట్టు, ఎడమ జబ్బ మీద భుజం నుంచి మోచేతి దాకా బంగారు రంగు అల్లిక. దాని కింద మచ్చ కనబడకుండా భవాని పచ్చ బట్టతో లైనింగ్ వేసింది. సింధు వేసుకుని అద్దం ముందు నిలబడింది. చాలాసేపు నిలబడింది. చెయ్యి ఎత్తింది, దించింది. అల్లిక బిగుసుకుపోయి, దిండు మీద కుట్టిన పువ్వులా ఉంది. సినిమాలో ఉన్నట్టు లేదు.

"లైనింగ్ తీసెయ్ అక్కా."

భవాని దగ్గరికి వచ్చింది. "తీస్తే మచ్చ అగుపడ్తదే."

"ఎంత అగుపడ్తది?"

"సందుల్లకెల్లి... అగుపడ్తది. అబద్ధమెందుకు?"

సింధు అద్దంలోనే తండ్రి వైపు చూసింది. బుగ్గయ్య గుమ్మం దగ్గర గొడుగు ఊచ చేతిలో తిప్పుకుంటూ నేల చూస్తున్నాడు. "పడనియ్యి," అంది సింధు. "అల్లిక గూడ అగుపడ్తది గద."

భవాని కత్తెర తెచ్చి, పిల్ల ఒంటి మీద ఉండగానే, లైనింగ్ కుట్టు ఒక్కొక్కటే విప్పింది.

పెళ్ళి రోజు ఎండ నిప్పులు చెరిగింది. షామియానా కింద మగపెళ్ళివారి ఆడవాళ్ళు విసనకర్రలు ఊపుకుంటూ కూర్చున్నారు. మేం భోజనాల వైపు వెళ్ళలేదు, భవాని వెళ్ళనివ్వలేదు. ముందు వరుసలో నన్ను కూర్చోబెట్టి, పరీక్ష రాసిన పిల్లలా మంటపం వైపే చూస్తూ కూర్చుంది.

తలంబ్రాలయ్యాక హరీశ్ మేనత్త నర్సింహమ్మ లేచి వచ్చింది. పెద్ద గొంతు, పెద్ద బొట్టు మనిషి. సింధు చెయ్యి పట్టుకుని వెలుతురు వైపు తిప్పింది. షామియానా కింద సగం మాటలు ఆగిపోయాయి.

"గిదేంది పిల్లా?"

"చిన్నప్పుడు నూనె పడ్డదత్తా," అంది సింధు.

"నూనె గాదే. గీ అల్లిక. ఏ సినిమాలది?"

సింధు భవాని వైపు చూసింది. భవాని అక్కడి నుంచే ఆ సినిమా పేరు గట్టిగా చెప్పింది. వెనక వరుసలో ఒక కుర్రాడు, "థూ, అట్టర్ ఫ్లాప్!" అన్నాడు.

"నువ్వు జూసినవారా?" అని భవాని వెనక్కి తిరిగింది. అతను చూడలేదు. "మరి?"

నర్సింహమ్మకు సినిమాతో పని లేదు. ఆమె వేలు అల్లిక మీద, మచ్చ మీద ఒకేలా నడుస్తోంది. "ఈ ముడి ఎట్లేసిండ్రో తెలుస్తలేదు. మా కోడలు జాకెట్‌కు గావాలె. ఎవరు అల్లిండ్రు?"

"మా బాపు," అంది సింధు. ఆ గొంతు వంట దగ్గరికి కూడా వినబడింది.

బుగ్గయ్య వంట పొయ్యిల దగ్గర దాక్కుని ఉన్నాడు. అక్కడి నుంచి ఆడవాళ్ళు లాక్కొచ్చారు. కొత్త చొక్కా, నెత్తిన తువ్వాల, రెండు చేతులూ ఎక్కడ పెట్టుకోవాలో తెలియడం లేదు. నర్సింహమ్మ కుర్చీ జరిపింది. "కూసో బావా. జర నిదానంగ ఏసి సూపియ్యి, మేం నేర్సుకుంటం." ఎవరో పందిరికి కట్టిన బంతిపూల దండ లాగి పూలు రాల్చి దారం అతని చేతికిచ్చారు.

ఆయన ఒకసారి కూతురి వైపు చూశాడు. సింధు ఎడమ చేత్తోనే చెమట తుడుచుకుంటోంది. బుగ్గయ్య దారాన్ని కాలి బొటనవేలికి చుట్టి లాగి పట్టి, "ఇగో, మొదాలు గిట్ల," అని మొదటి ముడి వేశాడు.